పక్కవాద్యం వంతు

జనవరి నెల, రెండో శుక్రవారం, సాయంత్రం. చోటు: మస్కట్ నగరం, మత్రాలో సముద్రపు రోడ్డు వెనక సందులో ఉన్న కాఫీ దుకాణం. హాజరైనవారు: మా కింది ఇంటి గోవా పెద్దాయన, పెద్ద వయొలిన్‌లా ఉండే ఆయన నిలువెత్తు బేస్ వాద్యం; డ్రమ్స్ వాయించే ఒమానీ పెద్దమనిషి; సాక్సోఫోన్ వాయించే జగిత్యాల తమ్ముడు; వయొలిన్‌తో నేను; మంచినీళ్ల సీసా, నా శాలువా పట్టుకొని మా వారు; దుకాణం యజమానురాలు; కాఫీకి వచ్చినవాళ్లు కొందరు. రానివాడు: పియానో వాయించే ఫిలిప్పీన్స్ అబ్బాయి.

నా డైరీలో ఏ రోజు రాతైనా ఇలాగే మొదలవుతుంది. వాడి కబీర్ అనే పేటలోని స్కూల్లో ఏళ్ల తరబడి పొద్దున్నే పిల్లల హాజరు పిలిచిన అలవాటు అది. ఉద్యోగం మానేశాక పిలవడానికి పిల్లలు లేరు కానీ, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది రాసుకోకుండా ఏ సంగతీ మొదలుపెట్టలేను.

ఆ రోజు సంగతికి రానివాడే ముఖ్యం. అతను రాకపోవడం వల్లే నేను అక్కడ ఉన్నాను.

ఆ అబ్బాయి ఒక హోటల్లో పియానో వాయించేవాడు. శుక్రవారాలు సెలవు కాబట్టి ఈ ముగ్గురితో కలిసి కాఫీ దుకాణంలో జాజ్ వాయించేవాడు. హోటల్ వాళ్ల కాంట్రాక్టు అయిపోయి డిసెంబరులో తన దేశం వెళ్లిపోయాడు. కరెంటు పియానో అతనిదే కనుక అదీ వెళ్లిపోయింది. మిగిలిన ముగ్గురూ రెండు శుక్రవారాలు ఎలాగో నెట్టుకొచ్చారు. బేసూ, డ్రమ్సూ, సాక్సోఫోనూ ఉన్నాయి గానీ నడుమ ఏదో ఖాళీ. వచ్చినవాళ్లు కప్పులు పట్టుకొని బయటి బల్లల దగ్గరికి వెళ్లిపోయేవారట. చలికాలం పర్యాటకుల ఓడలు వచ్చే రోజులు. యజమానురాలు కోపంగా కాదు, మామూలుగానే చెప్పింది: ఇంకొక్క శుక్రవారం చూస్తాను, కుదరకపోతే ఆ మూలలో బల్లలు వేయించుకుంటాను.

ఆ మూల పోతే ఎక్కువ నష్టం గోవా పెద్దాయనకే. సాక్సోఫోన్ తమ్ముడికి డ్యూటీ ఉంది, డ్రమ్స్ ఆయనకి మనవలున్నారు. ఈయన మాత్రం వారమంతా శుక్రవారం కోసమే గడుపుతాడు. భార్య పోయి చాలాకాలమైంది. హోటళ్లలో ఇప్పుడు మనిషి సంగీతం తగ్గి మెషిన్ సంగీతం పెరిగింది. ఫ్లాట్‌లో ఆ వాద్యాన్ని గట్టిగా వాయిస్తే పక్కింటి అలమరలో గిన్నెలు కదులుతాయని ఫిర్యాదులు. ఆయన మా ఇంటికి వచ్చి అడిగిన రోజున ఒకే మాట అన్నాడు. "ఆ చోటు పోతే ఇది గుడ్డ కప్పుకొని నిలబడే బీరువా అయిపోతుంది, టీచర్‌జీ."

ఆయనతో మా మాటలన్నీ హిందీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నన్నే ఎందుకు అడిగాడంటే, రోజూ పొద్దున మా వారు ఆఫీసుకు వెళ్లాక నేను చేసే సాధన ఆయనకి కింద వినిపిస్తుంది.

"మీరు రోజూ వాయిస్తారు. ఎవరి కోసం?" అన్నాడు.

"ఎవరి కోసమూ కాదు. వేళ్లు బిగుసుకుపోకుండా."

"అయితే శుక్రవారం మా కోసం వాయించండి."

"నాకు మీ సంగీతం రాదండీ."

"నాకు మాత్రం వచ్చా? ఇన్నేళ్లుగా నేర్చుకుంటున్నాను" అన్నాడు నవ్వుతూ. మా వారు పేపరు వెనక నుంచి తల పైకెత్తి, "ఏటిది, ఈ వయసులో కాఫీ హోటల్లో కచేరీయా!" అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

నేను వయొలిన్ నేర్చుకున్నది విజయనగరంలో, చిన్నప్పుడే. ఎన్నడూ ఒంటరిగా కచేరీ చేయలేదు. నేను పక్కవాద్యాన్ని. మస్కట్ వచ్చాక శ్రీరామనవమికీ, త్యాగరాజ ఆరాధనకీ, తెలుగువాళ్ల కార్యక్రమాలకీ పాడేవాళ్ల పక్కన కూర్చొని వాయించాను. తెలియనివాళ్ల కోసం ఆ పని ఏమిటో చెబుతాను. పాడేవారు ఒక సంగతి వేస్తే, వయొలిన్ వెంట్రుకవాసి వెనకగా అదే దారిలో వెళుతుంది. వాళ్లు రాగం ఆలపించి ఆపితే, మనం అదే బాటలో కొంచెం చిన్న ఆలాపన చేసి ఆపాలి. పాడేవారు వెళ్లని చోటికి పక్కవాద్యం వెళ్లకూడదన్నది మా గురువుగారి కట్టడి. ఆయన దగ్గర నేర్చిన వాళ్లలో ఆ కట్టడి బాగా ఒంటబట్టించుకున్నదాన్ని నేనేనని నాకు కొంచెం గర్వం కూడా.

శుక్రవారం దాకా ప్రతి సాయంత్రం పెద్దాయన టీ వేళకు వచ్చి కూర్చునేవాడు. జాజ్ ఎలా పుట్టిందో ముందు తెలియాలనేవాడు. అమెరికా దక్షిణాన న్యూ ఓర్లీన్స్ అనే రేవు పట్టణం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ, ఎవరెవరో వదిలేసిన బాకాలూ డోళ్లూ సంపాదించి బ్యాండులు కట్టారు. ఎవరైనా పోతే శ్మశానానికి వెళ్లేటప్పుడు మెల్లగా, దిగులుగా వాయించేవారు. తిరిగి వచ్చేటప్పుడు అదే వీధిలో చిందులేసేలా వాయించేవారు. పొలాల్లో పనిపాటలు, చర్చి పాటలు, తెల్లవాళ్ల కవాతు పాటలు అన్నీ అందులో కలిశాయి. తర్వాత ఓడల మీదా, గ్రామఫోను రికార్డుల మీదా లోకమంతా తిరిగి బొంబాయి చేరింది. గోవా చర్చి బడుల్లో సంగీతం చదవడం నేర్చుకున్న కుర్రాళ్లు బొంబాయి హోటళ్లలో జాజ్ వాయించారు. హోటళ్ల రోజులు తగ్గాక సినిమా వాద్యబృందాల్లో చేరారు. ఆ తర్వాత కొందరు గల్ఫ్ హోటళ్లకు వచ్చారు. "మా నాన్న మొదటి రకం, మా అన్న రెండో రకం, నేను మూడో రకం" అని ఆయన ముగించాడు.

డ్రమ్స్ ఆయనది ఇంకో దారి. ఆయన పుట్టింది జాంజిబార్‌లో. చిన్నతనంలోనే కుటుంబం ఒమాన్ తిరిగి వచ్చింది. రేవులో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లిళ్లలో వాయించే పెద్ద డోళ్లను మేనమామల దగ్గర నేలమీద కూర్చొని నేర్చుకున్నాడు. కుర్చీ, కాళ్లతో తొక్కే డ్రమ్ము తర్వాత వచ్చాయి. "ఆఫ్రికా డోలు ఒకటి పడమటికి పోయి జాజ్ అయింది. ఇంకొకటి మా ఇంటికి వచ్చింది. రెండూ ఇష్టపడి ప్రయాణం చేసినవి కావు" అని ఒకసారి హిందీలో అన్నాడు.

బుధవారం మా హాల్లోనే రిహార్సలు. సాక్సోఫోన్ తమ్ముడు డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ఏసీ గొట్టాలు బిగించే కంపెనీలో ఫోర్‌మన్. ఊళ్లో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఒక హోటల్లో ఏసీ పని చేస్తూ నిచ్చెన మీద ఆగిపోయి బేస్ వింటుంటే, పెద్దాయనే పిలిచి మాట్లాడాడట. చనిపోయిన స్నేహితుడి సాక్సోఫోన్ ఇతని చేతికి ఇచ్చాడు.

"మొదట్ల నాకూ సమజ్ గాలే, టీచరమ్మా" అన్నాడు తమ్ముడు, బరువైన బూట్లు గుమ్మం బయట విప్పుతూ. "మా బ్యాండుల అందరం ఒక్కటే పాట వాయిస్తుంటిమి. పెండ్లికొడుకు గుర్రం మీద, మేం ముంగట. పాట జెర అటిటు అయ్యిందంటే పిల్ల మేనమామ ఉరికొస్తుండె, ఏందిరో, పాట మర్చినవా అనుకుంట. ఈడ ఉల్టా. పాట ఉన్నదున్నట్టు వాయిస్తే ఈ అంకుల్ గుస్స అయితడు!"

వాళ్లు ఎంచుకున్నవి బ్లూస్ అనే సులువైన పాటలు. పన్నెండు చిన్న ఖండాలు ఒక చుట్టు. ఒక్కో ఖండానికి నాలుగు దెబ్బలు. వేళ్ల మీద లెక్కవేసి చూస్తే ఆది తాళంలో సరిగ్గా ఆరు ఆవర్తాలు వచ్చాయి. ఆ లెక్క కుదరగానే నాకు సగం ధైర్యం వచ్చింది. వయొలిన్ తీగలు ఒక స్వరం దించి నాలుగు శ్రుతికి పెట్టాను. ఇబ్బంది పెట్టింది మరొకటి. మన సంగీతంలో షడ్జం కదలదు, తంబురా మోగుతూనే ఉంటుంది. ఇక్కడ రెండు ఆవర్తాలయ్యాక బేస్ ఆయన ఆధారాన్ని మధ్యమానికి మార్చేస్తాడు, మళ్లీ వెనక్కి తెస్తాడు, తర్వాత పంచమానికి పోతాడు. కూర్చున్న చాప ఎవరో మెల్లగా లాగుతున్నట్టుంటుంది.

పై అంతస్తులో ఒక ఇంట్లో పనిచేసే కడప ఆవిడ, సాయంత్రాలు మా ఇంటికి వచ్చి కాసేపు కూర్చుంటుంది. ఆ రోజు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆపగానే, "బాగుందమ్మా. పాట ఎప్పుడు మొదులుపెడతారు?" అంది.

తమ్ముడు పొట్ట పట్టుకొని నవ్వాడు. మా వారికి వారం రోజులు సరిపడా మాట దొరికింది.

శుక్రవారం తమ్ముడు కంపెనీ పికప్ తెచ్చాడు. దుప్పట్ల మీద బేస్‌ను పడుకోబెట్టి, రోగిని తీసుకెళ్తున్నట్టు పెద్దాయన దాని పక్కనే కూర్చుంటానన్నాడు. అలా కుదరదని తమ్ముడు కోప్పడి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మేమిద్దరం మా కారులో వెనక. మత్రాలో శుక్రవారం సాయంత్రం కారు పెట్టడానికి చోటు దొరకదు. మా వారు రెండుసార్లు చుట్టి, మూడోసారి చేపల మార్కెట్ దాకా వెళ్లి పెట్టి, నడుచుకుంటూ వచ్చారు.

దుకాణం ఒకప్పటి వర్తకుల ఇల్లు. మందపాటి గోడలు, ఖర్జూరపు దూలాల పైకప్పు, కాఫీలో ఏలకుల వాసన. యజమానురాలు నాకు కుర్చీ వేసింది. నేల మీద కూర్చోనిదే నాకు చేయి ఆడదని చెబితే, లోపలి నుంచి తివాచీ తెప్పించింది. బాసిపట్టు వేసుకొని, వయొలిన్ తలను కాలి మడమ మీద ఆనించి శ్రుతి చూసుకుంటుంటే రెండు బల్లల దగ్గరివాళ్లు మా వైపు తిరిగారు. ఇది మంచి శకునం అనుకున్నాను.

మొదటి పాట ఎత్తుగడ నలుగురం కలిసే వాయించాం, బాగానే వచ్చింది. తర్వాత తమ్ముడు తన సొంత కల్పన మొదలుపెట్టాడు. అతను ఒక పలుకు వేశాడు. నేను వెంట్రుకవాసి వెనకగా అదే పలుకు పట్టుకున్నాను. అతను పైకి వెళితే నేనూ పైకి. కిందికి దిగితే నేనూ. అతను నావైపు ఒకసారి చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. అతను వేగం పెంచాడు. విసిరిన ప్రతి పలుకునూ పట్టుకున్నాను. కొత్త సంగీతంలో, మొదటి రోజే, ఒక్కటి కూడా జారవిడవకుండా! అతను చటుక్కున మధ్యలో ఆపాడు. నేనూ చటుక్కున ఆపాను. అంతకంటే చక్కగా ఆపడం ఎవరి తరమూ కాదనిపించింది.

డ్రమ్స్ ఆయన కర్రలు పట్టుకొనే నవ్వుతున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. మా వైపు తిరిగిన రెండు బల్లల్లో ఒక బల్ల వాళ్లు కప్పులు తీసుకొని బయటికి వెళ్లారు. రెండో పాటలోనూ అదే జరిగింది. మూడో పాట మధ్యలో యజమానురాలు పనివాణ్ని పిలిచి, మేము కూర్చున్న మూల వైపు చేయి చూపిస్తూ ఏదో చెప్పింది. అతను బల్ల అంచును జానలతో కొలిచాడు. పెద్దాయన అది చూశాడు. ఆయన చూడటం నేను చూశాను.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజుకు పిలిచే అజాన్ వినబడగానే వాద్యాలు ఆపేశాం. డ్రమ్స్ ఆయన నమాజుకు వెళ్లాడు. మిగిలినవాళ్లం సందులోకి వచ్చి, ఇక్కడి చిక్కటి పాల టీ, కరక్ తెప్పించుకున్నాం.

"టీచరమ్మా, ఒక ముచ్చట చెప్తా, ఏమనుకోరు గద?" అన్నాడు తమ్ముడు.

"చెప్పు నాయనా."

"పోలీసోళ్లు ఎంబడి వడ్డట్టే ఉన్నది నాకు. యే సందుల దూరినా ఎనక మీరే!"

మా వారు టీ ఒలకబోసుకున్నారు. "పెళ్లయినప్పటి నుంచీ నా వెనకాల అలాగే వస్తోందయ్యా."

"మీరు ఎటైనా వెళ్లారా అసలు, వెనకాల రావడానికి? కారు పెట్టడానికే చేపల మార్కెట్ దాకా వెళ్లారు" అన్నాను. నవ్వుల్లో పడింది గానీ నాకు లోపల చాలా సిగ్గుగా ఉంది. నేను బ్రహ్మాండంగా చేశాననుకున్న పనే ఆ గదిని ఖాళీ చేస్తోంది.

పెద్దాయన గోడకు ఆనుకొని మెల్లగా చెప్పాడు. "తప్పు నాది. స్వరాలు చెప్పాను, అసలు సంగతి చెప్పలేదు. ఇక్కడ పాడేవాడంటూ ఎవరూ లేరు టీచర్‌జీ. అతను మాట్లాడుతున్నప్పుడు మీరు ఊరుకోండి. అతను చెప్పడం అయ్యాక మీ వైపు చూస్తాడు. అప్పటి నుంచి ఒక చుట్టు మీది."

"ఆ చుట్టులో ఏం వాయించాలి?"

"అది నాకెలా తెలుస్తుంది?"

"ముందు ఒక పలుకు ఎవరైనా అందిస్తే కదండీ..."

"ఎవరూ అందించరు" అన్నాడు. కటువుగా కాదు, కిరాణా కొట్లో సరుకు లేదని చెప్పినట్టు.

డ్రమ్స్ ఆయన నమాజు చేసుకొని వచ్చాడు. పెద్దాయన సంగతి చెబితే విని నాతో అన్నాడు, "మా పెళ్లిళ్లలో ఒకావిడ పిలుస్తుంది, మిగతా ఆడవాళ్లు బదులిస్తారు. మీరు ఎప్పుడూ బదులిచ్చే వైపే కూర్చున్నారు. ఈ పూట పిలవండి సిస్టర్. బదులు నేనిస్తా."

మా వారు చెవి దగ్గరికి వంగి, "ఇంటికి వెళ్లిపోదామేటి?" అన్నారు. ఈసారి వేళాకోళం కాదు. నా ముఖం చూసి అన్నారు. వెళ్లిపోవాలనే ఉంది నాకు. కానీ లోపల ఆ పనివాడు రెండు బల్లలు తెచ్చి మా తివాచీ పక్కనే పెట్టి ఉంచాడు. మేము లేచిన వెంటనే జరపడానికి. వెళ్లిపోతే ఆ బల్లలకు నేనే చోటు చూపించినట్టవుతుంది. శాలువా ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్లాను.

రెండో విడతలో నెమ్మదైన బ్లూస్ ఎత్తుకున్నారు. డ్రమ్స్ ఆయన కర్రలు పక్కన పెట్టి తీగ కుంచెలు తీశాడు. చేట మీద బియ్యం కదిపినట్టు చప్పుడు. తమ్ముడు వాయించడం మొదలుపెట్టాడు. కమాను నా ఒళ్లో పెట్టుకున్నాను. వేళ్లు మాత్రం ఊరుకోవు. తీగల మీద వాటంతట అవే అతని వెంట పరుగెత్తుతున్నాయి. కుడిచేత్తో ఎడమచేతిని పట్టుకొని కూర్చున్నాను. అలా పట్టుకున్నాకే అతన్ని నిజంగా విన్నాను. పాత పెళ్లి బ్యాండు గొంతే, కాస్త గరగరగా, ఊరి వీధిలో నడిచిన గొంతు. ఒక మాట సగంలో ఆపి, ఆలోచించి, వేరేగా పూర్తి చేస్తున్నాడు. ఇంతసేపూ నేను పైన పడి తొక్కింది దీన్నేనా అనిపించింది.

అతను ముగించి నావైపు చూశాడు.

మొదటి ఖండం గడిచిపోయింది. నేను వాయించలేదు. రెండోది గడిచింది. ఎవరైనా ఏదైనా అందిస్తారేమోనని చెవులు ఇంకా వెతుకుతున్నాయి. బేస్ ఒక్కటే నడుస్తోంది, దుం, దుం, దుం, దుం. పెద్దాయన కళ్లు మూసుకొని ఉన్నాడు. నా కోసం ఆగడం లేదు, నన్ను తొందరపెట్టడమూ లేదు.

కమాను ఎత్తి ఒక గాంధారం వేశాను. రెండు గాంధారాలకూ నడుమ ఎక్కడో, గమకంతో, ఆరోజుల్లో అయితే గురువుగారు కళ్లెర్రజేసే చోట. వేసి వదిలేశాను. డ్రమ్స్ ఆయన కుంచె కొసతో చిన్నగా తట్టాడు. అదే స్వరం మళ్లీ వేసి ఈసారి పట్టుకొని ఉన్నాను. అప్పుడే రెండు ఆవర్తాలు నిండి బేస్ మధ్యమానికి మారింది. నేను కదలలేదు, కింద నేల మారింది. అదే గాంధారం వేరే ఇంట్లో పుట్టినదానిలా వినిపించింది. ఇన్నేళ్ల సాధనలో ఒకే స్వరం రెండు ముఖాలు చూపించడం నాకు ఎప్పుడూ ఎదురుకాలేదు. ఆశ్చర్యంతో నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏం వాయించానో డైరీలో రాయలేకపోయాను. రాగం పేరు పెట్టడానికి కుదరలేదు. కీర్తన కాదు, వాళ్ల పాటా కాదు. పొద్దున ఎవరికోసమూ కాకుండా వాయించుకునేటప్పుడు వచ్చే మాటలు అవి.

చివర్లో అలవాటు ఊరుకోలేదు. మన పద్ధతిలో ఒక ముక్తాయింపు మూడుసార్లు వేశాను. అది చుట్టు దాటి తమ్ముడి వంతులోకి దూసుకెళ్లింది. అతను సాక్సోఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నవాడల్లా దించేసి, "కానీయుండ్రి, కానీయుండ్రి" అని చేయి ఊపాడు. ఇంకో చుట్టు నాకే వచ్చింది. ఈసారి సరిగ్గా సమానికి, చుట్టు మొదటి దెబ్బకి, ముగించాను.

నా తర్వాత వంతు బేస్‌ది. సాక్సోఫోన్ ఊరుకుంది, డ్రమ్స్ దాదాపు ఊరుకున్నాయి. మా అందరికంటే కింద, ఎవరూ పట్టించుకోకుండా మోస్తూ వచ్చిన వాద్యం ఒంటరిగా మాట్లాడటం మొదలుపెట్టింది. పెద్దాయన తొందరపడలేదు. ఆ మూలలో ఇదే ఆఖరు అయితే ఇలాగే ఉండనీ అనుకున్నట్టు ఒక్కో స్వరాన్నీ పెట్టి, దాని పక్కన కాసేపు ఆగాడు. మన కచేరీల్లో మృదంగానికి ఒంటరిగా వాయించుకునే తని ఇస్తాం. కానీ ప్రతి పాటలో, ప్రతి ఒక్కరికీ, అడుగున ఉన్నవాడికి కూడా వంతు రావడం వీళ్ల ఆచారం. శ్మశానం నుంచి వీధి వెంట తిరిగి వచ్చినవాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పుకోవలసింది ఉండి ఉంటుంది. అది నాకు చాలా నచ్చింది. పక్కవాద్యంగా ఉండటంలో నాకేమీ లోటు లేదు, ఇకముందు కూడా ఆ పని చేస్తాను. కానీ ఇదొకటి ఉందని తెలియడం బాగుంది.

బయట కూర్చున్నవాళ్లలో ఒకాయన కుర్చీ ఎత్తుకొని లోపలికి వచ్చాడు. యజమానురాలు చేతిలో ఉన్న పళ్లెం ఎవరికి ఇవ్వాలో మరిచిపోయినట్టు అక్కడే నిలబడింది. ఇంకో రెండు పాటలు వాయించి ముగించాం. ఆవిడ డ్రమ్స్ ఆయనతో అరబ్బీలో క్లుప్తంగా ఏదో అంది. "ఏమంది?" అని పెద్దాయన వెంటనే అడిగాడు.

"రేపు చెబుతానంది."

"బాగుందా, బాలేదా?"

"రేపు చెబుతానంది, అంతే, యా అఖీ, భాయ్. పద, బేస్ ఎత్తు."

తిరుగు దారిలో పెద్దాయన మా కారులో కూర్చున్నాడు. వాడి కబీర్ మలుపు దగ్గర "ఆ గాంధారం..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

మర్నాడు శనివారం, సెలవు. పెసరట్టు పిండి రుబ్బి మొదటి అట్టు పోస్తుండగా తలుపు తట్టిన చప్పుడు. పెద్దాయన, బనీను మీద చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకొని, చేతిలో ఫోన్.

"ఆవిడ మాటలు పంపింది. ఒక్కణ్నే వినలేకపోయాను" అన్నాడు.

ముగ్గురం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నాం. యజమానురాలు ఇంగ్లీషులో, వెనకాల కప్పుల చప్పుడు మధ్య చెప్పింది. బల్లలు మేడ మీద వేయిస్తుందట. మూల మాదే. వచ్చే నెల రంజాన్‌లో ఎలాగూ సంగీతం ఉండదు, పండగయ్యాక మళ్లీ రావాలి. ఒక్కటే షరతు: నిన్న నమాజుకు ముందు వాయించినది ఇక ఎప్పుడూ వాయించకూడదు, తర్వాత వాయించినదే వాయించాలి.

పెద్దాయన దాన్ని మళ్లీ పెట్టి విన్నాడు. ఆ తర్వాత కుర్చీలో కూర్చొని రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "మళ్లీ మళ్లీ వినకండి, షరతు దగ్గర మా ఆవిడ ముఖం మాడిపోతోంది" అన్నారు మా వారు. మాడుతున్నది పెసరట్టు.

తమ్ముడికి ఫోన్ చేశాం. సైట్‌లో డ్రిల్లింగ్ మోతలో అరిచాడు. "ఏమన్నదీ? ఉండుమన్నదా? జబర్దస్త్! టీచరమ్మా, ఇగ మీరు ముంగట నడువుండ్రి, నేను ఎనక వస్త!"

"ఎవరూ ఎవరి వెనకా రావద్దని ఆవిడ షరతు నాయనా" అని నేనూ అరిచాను.

పెద్దాయన జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. వచ్చే శుక్రవారానికి కొత్త పాట, దాని ఆధారాలు ఎలా మారతాయో తన పద్ధతిలో రాసుకున్నది. దాని కింద నేను స్వరాలు రాయడం మొదలుపెట్టాను. మూడో వరుసలో ఇద్దరికీ మాట పడలేదు. అది కోమల నిషాదమని ఆయన, కాదు, గమకంలో నిలబడే చోటు అంతకంటే పైన అని నేను. ఆయన గొంతుతో పాడి చూపించాడు. నేను వయొలిన్ తెచ్చి వాయించి చూపించాను. ఎంతకీ తేలలేదు. మా వారు కాసేపు చూసి, వంటింట్లోకి వెళ్లి మిగిలిన పెసరట్లు తనే పోసుకున్నారు.